వంగమొక్కల టీ పార్టీ

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా, కూర్చునేలోపే టీ గ్లాసు చేతికి వస్తోంది. తెల్లదొరలు ఇంకా ఇక్కడే ఉన్న ఆ ముప్పైల రోజుల్లో మా వైపు పల్లెల్లో టీ అంటే జలుబు చేసినవాళ్ళు తాగే కషాయం లెక్క. ఇక టీ పార్టీ అన్న మాట ఏలూరులో బంగళాలు దాటి బయటికి వచ్చి ఎరగదు. అలాంటి కాలంలో కొల్లేటి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో టీ పార్టీ చేసిన మొదటి మనిషిని నేను. బహుశా చివరి మనిషిని కూడా నేనే, ఎందుకంటే ఆ తరవాత అక్కడ ఇంకెవరూ ఆ సాహసం చేసినట్టు వినలేదు. ఈ కథ మా ఇంట్లోవాళ్ళకి కూడా ముక్కలు ముక్కలుగానే చెప్పాను. నవ్వుతారని భయపడి కాదు, నవ్వవలసిన కథే ఇది. కాకపోతే వాళ్ళ నవ్వు అయిపోయేసరికి నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోవలసి వస్తుంది, అదీ ఇబ్బంది.

మాది తాడేపల్లిగూడెం. మా నాన్న అక్కడ మిషను బడిలో మాస్టారు. ఏలూరులో రెండేళ్ళు టీచరు ట్రైనింగు చదివి, పంతొమ్మిదో ఏట మొదటి ఉద్యోగానికి నేను వెళ్ళింది కైకలూరు వైపు, కొల్లేటిని ఆనుకుని ఉన్న ఆ ఊరికి. బడి పక్కనే ఒక గది ఇచ్చారు. అందులో ఒక కిటికీ, ఒక నులకమంచం, ఒక కిరసనాయిలు దీపం, నేను. కిటికీలోంచి చూస్తే నీళ్ళు, నీళ్ళలో తుంగ, తుంగ మధ్య కొంగలు. మొదటి వారం ఎంత బాగుందో అనుకున్నాను. రెండో వారానికి ఏ కొంగ ఏదో గుర్తుపట్టడం వచ్చింది. నెల తిరిగేసరికి వాటిలో ఒకదానితో మాట్లాడుతున్నాను. (అది ఒంటికాలి మీద నిలబడి చాలా శ్రద్ధగా వినేది. నా రెండో తరగతి పిల్లలు ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు.)

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళైతే బాగుండేది, తిట్టుకుంటూనైనా పొద్దుపుచ్చేదాన్ని. వాళ్ళు చాలా మంచివాళ్ళు. నేను వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడేవారు. మా అమ్మ కంటే పెద్దవాళ్ళు కూడా నన్ను "టీచరమ్మగారండీ" అనేవారు. "రండి, లోపలికి రండి" అనేవారు. నేను "పర్లేదండి, మళ్ళీ వస్తాను" అనేదాన్ని. వాళ్ళు "అలాగేనండీ" అనేవారు. అక్కడితో మా స్నేహం ముగిసేది. ఆదివారం గుళ్ళో అయితే, నేను చాప మీద కూర్చోగానే అటూ ఇటూ ఆడవాళ్ళు ఎంత మర్యాదగా జరిగేవారంటే, నా రెండు పక్కలా ఇంకో ఇద్దరు పట్టేంత చోటు మిగిలేది. ప్రార్థన అయ్యాక అందరూ "వందనాలండీ" అని చేతులు జోడించి, ఇద్దరిద్దరుగా ముగ్గురు ముగ్గురుగా కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిపోయేవారు. నేను బైబిలు చంకలో పెట్టుకుని నా గదికి వచ్చేదాన్ని. గౌరవంతో ఒక మనిషిని ఇంత ఒంటరిదాన్ని చేయవచ్చని నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

బడి నాలుగింటికి అయిపోయేది. బడి ఊడ్చే ఆయమ్మ అయిదింటికి వెళ్ళిపోయేది. ఆ తరవాత మర్నాడు పొద్దున్న దాకా నాతో మనిషి మాట ఉండేది కాదు. ఒక్కదానికి ఎంత బియ్యం పోయాలో పదకొండు నెలలైనా నాకు లెక్క కుదరలేదు, రోజూ అన్నం మిగిలిపోయేది. సాయంత్రాలు ఏడ్చేదాన్ని కూడా, దాచుకోవడం ఎందుకు. ఆఖరికి ఏలూరు మిషను ఆఫీసుకి, నన్ను వెనక్కి పిలిపించుకోవలసిందని ఒక ఉత్తరం రాసి పెట్టెలో చీరల కింద పెట్టాను. రాశానే గాని పంపడానికి చెయ్యి రాలేదు. మొదటి ఉద్యోగంలోంచి ఏడుస్తూ వచ్చేసిందంటే మా నాన్న తలెత్తుకోలేడు. పైగా ఆ ఊరు నాకు నచ్చలేదని ఎప్పుడూ అనిపించలేదు. ఆ ఊరికి నేను నచ్చలేదని అనిపించేది.

అలా ఉండగా గొడుగు దొరసాని స్వదేశం వెళ్ళిపోతోందని కబురొచ్చింది. ఆవిడ మా చుట్టుపక్కల మిషను బళ్ళన్నిటికీ పెద్ద. ఎండైనా వానైనా, ఇంట్లో ఉన్నా పడవలో ఉన్నా గొడుగు మూసేది కాదు కాబట్టి ఆ పేరు. ఆవిడ ఆఖరిసారి మా ఊరు వస్తుందని, ఏదైనా ఘనంగా చేయాలని మా హెడ్మాస్టరు, అందరూ పెద్ద మాస్టారు అనే ఆయన, తీర్మానించారు. "మీరు ఏలూరులో చదువుకున్నారు కదండీ. ఆ టీ పార్టీ అంటారే, అది మీ చేతుల్లో పెడుతున్నాను" అన్నారు. డబ్బు మాత్రం నా చేతుల్లో ఏమీ పెట్టలేదు. టీపొడి, బిస్కట్లు, అరటిపళ్ళ వరకు బడి ఖర్చు, మిగతాది నా తెలివి.

టీ పార్టీ గురించి నాకున్న తెలివంతా ట్రైనింగు రోజుల్లో ఏలూరులో ఈ దొరసాని బంగళాలో చూసిందే. అక్కడ పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, నడిమధ్యన గాజుకూజాల్లో పూలు పెట్టేవారు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్క అతిథికి ఒక చిన్న జ్ఞాపిక ఉండేది. అది కూడా పళ్ళెం పక్కనే, పేరు రాసిన చీటీతో. ఓసారి నేనే అతిథులకి ఆ పొట్లాలు అందించబోతే దొరసాని నా చెయ్యి పట్టుకుని ఆపి, తన పుస్తకాల తెలుగులో, "అమ్మాయీ, నీవు ఇవ్వకూడదు. అతిథి తానే తీసుకొనవలెను. నీవు చూడనట్లు ఉండవలెను. చూచినచో వారికి సిగ్గు కలుగును" అంది. ఆ మాట నోట్సులో రాసుకున్నాను. నేను నోట్సు బాగా రాసేదాన్ని, అదే నా కొంప ముంచింది.

గాజుకూజాలు ఎక్కడ తేను, జ్ఞాపికలు ఎక్కడ కొనను? రెండు రోజులు ఆలోచించాక, బల్ల మధ్య అలంకారమూ, ఇంటికి పట్టుకెళ్ళే జ్ఞాపికా ఒకటే అయితే సరిపోతుంది కదా అని తట్టింది. అదీ ఉత్త ముచ్చట వస్తువు కాకుండా పనికొచ్చేదై ఉండాలి. ఆ ఊళ్ళో చేపలకి లోటు లేదు, రొయ్యలకి లోటు లేదు, కూరగాయలే కరువు. పల్లపు నేల, ఏడాదిలో సగం రోజులు నీళ్ళు. వంకాయలు కావాలంటే సంతకి పోవాలి, వచ్చేసరికి అవి వడిలిపోయి నా మొహంలా ఉండేవి. మా గూడెం మెరక నేల, నారుకి పేరు పడ్డ చోటు. కాబట్టి చిన్న ముంతల్లో వంగమొక్కలు. బల్ల మీద ఉన్నంతసేపూ అలంకారం, ఇంటికి వెళ్ళాక పెరట్లో మెరక చూసి పాతుకుంటే కూర. వంటింట్లోకి వెళ్ళే ముంత కాదు, పెరట్లోకి వెళ్ళేది కాబట్టి మా క్రైస్తవుల చేతి మట్టిపాత్ర పుచ్చుకోవడానికి వెనకాడే ఇళ్ళవాళ్ళకి కూడా పట్టింపు ఉండదు. అన్ని వైపుల నుంచీ చూసి, నన్ను నేను మెచ్చుకున్నాను.

కుమ్మరి దగ్గరకెళ్ళి అరచేతిలో పట్టే ముంతలు ఇరవై నాలుగు కావాలంటే, అతను చక్రం ఆపి, "ఎవరి పెళ్ళండీ?" అన్నాడు. పెళ్ళి కాదు టీ పార్టీ అన్నాను. "ఆహాఁ" అన్నాడు, ఏదో అర్థమైనట్టు. మర్నాటికల్లా టీచరమ్మగారికి పెళ్ళి కుదిరిందట, వరుడి పేరు వినడానికి కొంచెం కొత్తగా ఉందట అని ఊళ్ళో అనుకున్నారని ఆయమ్మ చెప్పింది. ఇన్నాళ్ళకి నా గురించి ఒకరితో ఒకరు ఏదో అనుకున్నారు కదా అని సంతోషించాను. ముంతలకి ఎర్రజాజు పూసి, సున్నంతో సన్నగా ముగ్గులు వేశాను. మా నాన్న గూడెం నుంచి వంగనారు తడి గోనెలో చుట్టి, రైల్లో ఏలూరు దాకా, అక్కడి నుంచి పడవలో కొల్లేరు మీదుగా పంపించాడు. నారుతోపాటు చీటీ: "సాయంత్రం పూట నాటు. ఎండ తగలనీకు. నువ్వు వేళకి తింటున్నావా?" ఆ మూడో వాక్యం చదివి, చేతులు మట్టితో ఉండటం వల్ల కళ్ళు మోచేత్తో తుడుచుకోవలసి వచ్చింది.

ఒక్కొక్క మొక్క నాటుతూ ఒక్కొక్క ఇంటి గురించి అనుకునేదాన్ని. ఇది మునసబు గారింటికి, ఇది గుళ్ళో సంఘపెద్ద గారింటికి, ఇది పడవలు నడిపే తాతగారికి. ఈ మొక్క వాళ్ళ పెరట్లో ఉంటుంది, రోజూ నీళ్ళు పోస్తారు, కాయ కాస్తే టీచరమ్మగారి వంకాయ అంటారు. నేను వెళ్ళలేని ఇళ్ళలోకి నా తరఫున ఇవి వెళ్తాయి. మనసులో ఒక పందెం కూడా వేసుకున్నాను: అందరూ ముంతలు పట్టుకెళ్తే పెట్టెలో ఉత్తరం చింపేస్తాను. పట్టుకెళ్ళకపోతే అదే రోజు దొరసాని చేతికే ఇచ్చేస్తాను. పంతొమ్మిదేళ్ళ వయసులో జీవితాన్ని వంగమొక్కల మీద పెట్టడం వింతగా అనిపించలేదు.

పార్టీ రోజు బడిలో బెంచీలన్నీ రెండు వరసలు కలిపి, పెద్ద మాస్టారి భార్య తన పెట్టె అడుగునుంచి తీసిచ్చిన తెల్ల దుప్పట్లు పరిచాను. మధ్యలో బారుగా ఇరవై నాలుగు ముంతలు, ఒక్కొక్కదానికి ఎదురుగా చీటీ. పేరు పెట్టి రాస్తే పెద్దవాళ్ళకి అమర్యాద అని, "మునసబు గారి భార్యగారికి", "సంఘపెద్దగారికి" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మొక్కలు నవనవలాడాలని గంట ముందు చెంబుతో నిండా నీళ్ళు పోశాను. కొత్త ముంతలు నీళ్ళు చెమరుస్తాయన్న సంగతి, జాజు తడిస్తే ఊరుకోదన్న సంగతి నాకప్పుడు గుర్తుకు రాలేదు. అతిథులు వచ్చి కూర్చునేసరికి దుప్పట్ల మీద ఇరవై నాలుగు ఎర్రటి గుండ్రాలు తయారయ్యాయి. పెద్ద మాస్టారి భార్య వాటిని చూసి, నన్ను చూసి, "బాగుందమ్మా, అంచులా ఉంది" అంది. అంతటి మంచివాళ్ళు వాళ్ళు.

పార్టీ బాగానే జరిగింది. టీ తాగనివాళ్ళు అరటిపండు తిన్నారు. తాగినవాళ్ళు మందు మింగినట్టు గుటుక్కున మింగి, గ్లాసు దూరంగా పెట్టారు. దొరసాని గొడుగు వేసుకునే మాట్లాడింది. అందరి చూపులూ ముంతల మీదే ఉన్నాయి. మునసబు గారి భార్య తన ఎదురుగా ఉన్న ముంతని వేలితో ఇటు తిప్పి అటు తిప్పి, ఆకు నిమిరి, తలెత్తి నాకేసి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టు ఉంది. వెంటనే నోట్సు గుర్తొచ్చింది. చూస్తే సిగ్గుపడుతుందని, తీసుకోవడానికి వీలుగా, గభాలున మొహం గోడవైపు తిప్పేసుకున్నాను.

మళ్ళీ తిరిగి చూసేసరికి ఆవిడ లేచి నిలబడింది, చేతులు ఖాళీ. "పార్టీ చాలా ముచ్చటగా ఉందండీ. వెళ్ళొస్తామండీ" అంది. ఆ వెనక ఒక్కొక్కరే లేచారు. సంఘపెద్ద, ఆయన భార్య, పడవల తాతగారు, అందరూ. గుమ్మం దగ్గర నిలబడి చేతులు జోడిస్తూ, వెళ్తున్న ప్రతివాళ్ళ చేతుల్లోకే చూశాను. గొడుగులు, చేతికర్రలు, పసిపిల్లలు. ముంత ఒక్కటీ లేదు. దొరసాని మాత్రం తన ముంత చంకలో పెట్టుకుని, "ఎంత చక్కని ఆలోచన" అని మురిసిపోయింది. (ఓడలో ఆ వంగమొక్క గతి ఏమైందో నాకు తెలియదు.) పొద్దు వాలుతుండగా ఆవిడ పడవ ఎక్కేటప్పుడు ఉత్తరం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. గదికి వచ్చి, ఇరవై మూడు ముంతలూ వరండాలో వరసగా పెట్టి, వాటి పక్కన కూర్చున్నాను. ఒక ఊరు మొత్తం నన్ను వద్దనుకోవడాన్ని అంత స్పష్టంగా లెక్కపెట్టుకునే అవకాశం అందరికీ రాదు.

మూడు రోజులు ఎవరికేసీ చూడకుండా పాఠాలు చెప్పాను. ముంతలకి నీళ్ళు పోయడం మాత్రం మానలేదు, వాటి తప్పేముంది. నాలుగో రోజు ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, నా ఎదురుగా గొంతుకూర్చుంది.

"ఒక మాటడుగుతాను, ఏమనుకోకండీ టీచరమ్మగారూ. అంత ముచ్చటగా చేసేరు కదా, ఒక్కళ్ళ చేతికీ ఎందుకివ్వలేదండీ?"

"ఇవ్వడమేమిటి? వాళ్ళవే అవి. ముందు పెట్టాను. చీటీ కూడా రాశాను."

"చీటీ చదువుకునేవోళ్ళు ఎంతమందండీ? చదువొచ్చినోళ్ళు, మనం కూర్చునే చోటు తెలియడానికి రాసేరేమో అనుకున్నారంట. మునసబు గారింట్లో అమ్మగారికైతే ఎంత ఆశ పుట్టిందో. ఆవిడ మీకేసి చూత్తే మీరు మొహం తిప్పేసుకున్నారంట కదండీ. ఇవ్వడం ఇష్టం లేక అలా చేసేరు కాబోలని పాపం ఆవిడ బాధపడతన్నారు."

"అంత ఇష్టమైతే తీసుకోవచ్చుగా, నేనేమన్నా పట్టుకుంటానా?" అన్నాను.

"ఎవరన్నా చేతికిచ్చి, తీసుకోండి తీసుకోండి అని రెండు మూడుసార్లు అనకపోతే ఎలా తీసుకుంటారండీ? చూసేవోళ్ళు ఏమనుకుంటారు?" అని, ఆయమ్మ చీపురు మళ్ళీ అందుకుంటూ, ఊరికే గుర్తొచ్చినట్టు అంది: "మీరు మాత్రం ఎళ్ళేరేంటి? లోపలికి రండి రండి అని ఊరంతా పిలుత్తానే ఉన్నారు. పర్లేదండి అంటారు. టీచరమ్మగారికి మన ఇళ్ళు ఆనవు కాబోలని ఇంక వోళ్ళూ గట్టిగా అనడం మానేసేరు."

నా చిన్నప్పుడు మా అమ్మ తలదువ్వుతూ చెప్పిన మొదటి పాఠం అది: ఎవరైనా పిలవగానే లోపలికి దూరకు, మూడోసారి అన్నప్పుడే నిజంగా పిలిచినట్టు. ఆ మూడోసారి కోసం నేను పదకొండు నెలలు వాళ్ళ గుమ్మాల ముందు చూశాను. నేను రెండోసారైనా "పర్లేదండి" మానేస్తానేమోనని వాళ్ళు చూశారు. అటు ఊరూ ఇటు నేనూ, ఎవరి మర్యాద వాళ్ళు పట్టుకుని, ఇంత దూరంలో నిలబడిపోయాం. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఆయమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ సాయంత్రమే ఒక ముంత చేత్తో పట్టుకుని మునసబు గారింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీంచి లేచి నిలబడింది.

"ఇది మీదండి. ఆ రోజే ఇవ్వవలసింది" అన్నాను.

"అయ్యో, ఎందుకండీ. మీ దగ్గరే ఉండనివ్వండి."

"మీ కోసమే నాటానండి."

"మీకు శ్రమండీ, మోసుకొచ్చేరు."

"తీసుకోకపోతే నా మీద ఒట్టు."

అప్పుడు రెండు చేతులూ చాపి, బిడ్డని అందుకున్నట్టు అందుకుంది. అందుకుని, "లోపలికి రండి" అంది. నా నోరు పాత అలవాటు కొద్దీ "పర్లేదండి" అనేసింది. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి నేను ఇంక లెక్కపెట్టలేదు. "వస్తానండి" అని, ఆవిడ రెండోసారి అనకముందే చెప్పులు విడిచేశాను. ఆవిడ తెల్లబోయి, తరవాత నవ్వి, పక్కకు జరిగి దారిచ్చింది. వెనక వరండాలో పీట వేసి, కంచుగ్లాసుతో మజ్జిగ ఇచ్చి, నా పెళ్ళి ఎందుకు తప్పిపోయిందో ముందు అది చెప్పమంది.

ఇరవై మూడు ముంతలు పంచడానికి దాదాపు నెల పట్టింది. ఇల్లు దాటి ఇల్లు వెళ్దామంటే కుదిరేది కాదు, ప్రతి ఇంట్లోనూ ఒక సాయంత్రం అయిపోయేది. సంఘపెద్ద గారింట్లో చేపలపులుసుతో అన్నం పెట్టి, నేను ముల్లు తీసుకోవడం చూసి, మెరక ఊరి పిల్ల అని అందరూ నవ్వారు. పడవల తాతగారు మొక్కకి తన నేల పనికిరాదని, ముంతతో సహా పడవ ముక్కు మీద పెట్టుకుని కొల్లేరంతా తిప్పాడు. పెద్ద మాస్టారి భార్య దగ్గర మాత్రం ముంత ఇచ్చి, దుప్పట్లు ఉతకడానికి కూర్చున్నాను, ఆ గుండ్రాలు పోలేదు. గుళ్ళో నా పక్క చోటు దానంతట అది తగ్గుతూ వచ్చి, ఒక ఆదివారం ఎవరి పిల్లో నా ఒళ్ళో నిద్రపోయింది. కొంగ సంగతి మరిచిపోయాను. ఆ ఉత్తరం సంగతి కూడా మరిచిపోయాను.

ఏలూరు ఆఫీసు మరిచిపోలేదు. బదిలీ కాగితం వచ్చింది, వచ్చి దొరగారికి కనబడమని. దొరసాని స్థానంలో వచ్చిన ఆ దొర మనిషి మంచివాడు, సూటిగా మాట్లాడేవాడు. దారి పొడుగునా పడవలో చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటూ వెళ్ళాను: అయ్యా, నా ఉత్తరం పొరపాటు, నన్ను అక్కడే ఉంచండి. దొర నా ఉత్తరం చేతిలో పెట్టుకుని, "నీవు అడిగినట్టే ఏలూరు ఇచ్చాము. ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉండాలని ఉందా? ఉంటే చెప్పు, ఈ కాగితం తీసేస్తాను" అన్నాడు. వెతుక్కుంటూ వచ్చిన మాట, ఆయనే ముందు అడిగాడు. నేను తల వంచుకుని, ఎంతో వినయంగా, "మీ ఇష్టమండి" అన్నాను.

మా వైపు ఆ మాటకి అర్థం ఎవరికి తెలియదు? ఉండాలని ఉంది, ఇంకోసారి అడగండి అని. దొర ఒక్క క్షణం చూశాడు. నేను రెండో మాట కోసం నేలకేసి చూస్తూ నిలబడ్డాను. కలం కాగితం మీద గీసిన చప్పుడు వినిపించింది. "సరే. పై వారం నుంచి ఇక్కడ చేరు" అన్నాడు. అంత తెలిసీ, అన్ని ఇళ్ళు తిరిగీ, అవసరమైన చోట నా నోరు మళ్ళీ మా అమ్మ కూతురి నోరే అయింది. బయటికి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. వెనక్కి వెళ్ళి చెప్పవచ్చు కదా అని మీరంటారు. అప్పటికే ఇచ్చిన మాటని మార్చడం అమర్యాద అనుకున్నాను. అవును, నిజంగానే అనుకున్నాను.

పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఊరంతా రేవు దగ్గరికి వచ్చింది. మునసబు గారి భార్య నా రెండు చేతులూ పట్టుకుని, "ఉండిపోండి టీచరమ్మగారూ" అంది. మళ్ళీ "ఉండిపోండి" అంది. పడవ తాడు విప్పుతుంటే మూడోసారి అంది. ఎదురుచూసినన్నాళ్ళూ రాని మూడో పిలుపు, కాగితం మీద సంతకం అయ్యాక వచ్చింది. పడవల తాతగారు నా మొహం చూసి, చాలాసేపు గెడ వేయకుండా ఊరికే నిలబడ్డాడు.

ఏలూరులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. పెద్ద బడి, పెద్ద ఊరు, ఎవరి తొందర వాళ్ళది. పిలిచేవాళ్ళు తక్కువే, కాని ఎవరైనా గుమ్మంలోంచి మాటవరసకి "రండి" అన్నారో, రెండోసారికి ఆగకుండా లోపలికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని. కొందరు నవ్వేవారు, కొందరు లోపలికి చూసి కళ్ళెగరేసేవారు. మిషను కాంపౌండులో నాకు మొహమాటం లేని టీచరమ్మ అని పేరు వచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఏం లాభం, వినవలసిన ఆ ఒక్క దొరా అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు.